తిమ్మిరి బండి మీద తెలకపల్లికి

గద్వాల నుంచి తెలకపల్లికి రావాలంటే పొద్దున బస్సెక్కినవాళ్ళు మధ్యాహ్నం అన్నం వేళకు ఇంట్లో ఉంటారు. నేనూ, మా మరదలు పద్మా ఆ దారికే నాలుగు రోజులు పట్టించాం. తిరిగొచ్చాక మా వీధిలో ఎవరూ నన్ను ఏం చూశావని అడగలేదు. "చేతులెట్లున్నయ్?" అని అడిగారు. ఎందుకలా అడిగారో చెప్పడానికే ఇది రాస్తున్నాను. పనిగట్టుకుని ఆ పొలాల బాటల్లో తిరిగేవాళ్ళు తక్కువ కాబట్టి, ఆ దారి సంగతులు కూడా చెప్తాను.

నాకు నాగర్‌కర్నూల్‌లో జొన్నరొట్టెల కొట్టు ఉంది. పొద్దంతా ఏదేదో తిని, సాయంత్రానికి షుగరు గుర్తొచ్చి రొట్టె కోసం వచ్చేవాళ్ళ పుణ్యమా అని బతుకు బాగానే సాగుతోంది. పద్మ భర్త, అంటే మా తమ్ముడు నర్సిములు, తెలకపల్లి దగ్గర మా నాన్న పంచిచ్చిన భూమి చేసుకుంటాడు. వాడికి చిన్నప్పుడే పోలియో వచ్చింది. రెండు చంకల కింద రెండు కర్రలు పెట్టుకుని నడుస్తాడు. వయసులో ఉన్నప్పుడు ఎలాగో ఈడ్చుకుంటూ చేనంతా తిరిగేవాడు. మూడేళ్ళ నుంచి భుజాలు సహకరించడం లేదు. గట్టు మీద కుర్చీ వేసుకుని కూర్చుని, కూలీలు వచ్చి చెప్పింది విని వ్యవసాయం చేస్తున్నాడు. పక్క చేను రామచంద్రయ్య ఆ భూమిని కౌలుకు అడుగుతున్నాడు. మా వైపు కౌలు మాటలు ఉగాదికి తేలిపోతాయి. ఇచ్చేస్తానని నర్సిములు సగం మాట ఇచ్చేశాడు కూడా.

వాడికి పనికొచ్చే బండి ఒకటుంది. ఏటీవీ అంటారు. మోటార్‌సైకిల్ హ్యాండిలు, దాని కింద నాలుగు బొద్దు టైర్లు. కాలితో గేరు వేసే పని లేదు, కుడిచేతి బొటనవేలితో చిన్న మీట నొక్కితే పోతుంది. చేన్లో దిగబడదు. పోయిన ఏడాది ఎవరిదో అలాంటి బండి అడిగి తీసుకుని ఊరి చుట్టూ తిరిగొచ్చాడు. దిగి కర్రలు అందుకుంటే పట్టు తెలియలేదు. హ్యాండిలు అదురుకి వేళ్ళన్నీ మొద్దుబారిపోయాయి. కర్ర జారి మొహం మీద పడ్డాడు. ముందు పన్ను సగం విరిగింది.

"కాళ్ళు లేకున్నా బతుకుతున్న అక్క. చేతులు గూడ పోతే ఇగ ఏం జెయ్యాలె?" అన్నాడు ఆ రోజు.

ఈసారి ధరూర్‌లో పాత ఏటీవీ ఒకటి అమ్మకానికి ఉందని తెలిస్తే వాడు ఒకటే షరతు పెట్టాడు. "నువ్వు నడిపి సూడక్క. రొట్టె చేసే చెయ్యి నీది. బండి దిగినంక నీకు రొట్టె వస్తే, నాకు కట్టె పట్టుకొస్తది."

జొన్నరొట్టె చేసేవాళ్ళకు ఈ మాట చప్పున అర్థమవుతుంది. జొన్నపిండికి జిగురు ఉండదు. చపాతీలాగా కర్రతో ఒత్తితే ముక్కలైపోతుంది. అరచేత్తో తడుతూ, తిప్పుతూ పోవాలి. అంచు ఎంత పలచబడిందో కంటికి తెలియదు, వేలికి తెలియాలి. అందుకని కొట్టును మా ఆయనకు అప్పజెప్పి, ఉగాదికి ముందు నేనూ పద్మా బయలుదేరాం.

ధరూర్

బండి ఈరన్న అనే ఆయనది. కృష్ణ మీద కట్టిన ప్రాజెక్టు చూడటానికి వచ్చేవాళ్ళను ఎక్కించి తిప్పుదామని కొన్నాడట. వచ్చినవాళ్ళు బండి పక్కన నిలబడి ఫోటోలు దిగారు తప్ప ఎక్కలేదు. "ఫోటోకు పైసలడిగితె కొట్లాటకు వస్తరక్క" అని పడీ పడీ నవ్వాడు. నష్టమొచ్చిన బాధ కన్నా చెప్పుకోవడానికి కథ దొరికిన సంతోషమే ఆ మనిషిలో ఎక్కువగా కనిపించింది.

వాళ్ళమ్మ మమ్మల్ని కదలనివ్వలేదు. "ఊట చేసి పోండ్రి" అంది. కర్ణాటక దగ్గర కదా, అన్నానికి ఊట అనే అంటారు. పుంటికూర, అదే గోంగూర, పప్పులో వేయించిన పల్లీలు దంచి వేసింది. మా ఇంట్లో ఎవరైనా అలా వేస్తే చెడగొట్టావని తిడతాం. అక్కడ రెండుసార్లు అడిగి వేయించుకున్నాను.

"నాల్గు దినాలు నడిపి సూడండ్రి. నచ్చకుంటె తెచ్చియ్యండ్రి, నేనేమనుకోను" అన్నాడు ఈరన్న. "దూరం పోతున్నరని టైర్లకు గాలి మంచిగ గట్టిగ కొట్టించిన. సుత్తె పెట్టి కొట్టినా దిగదు." అరచేత్తో టైరు మీద చరిచి చూపించాడు. డోలు మోగినట్టు మోగింది. ఎంత మంచి మనిషి దొరికాడు అనుకున్నాం.

ఈ బండికి నంబరు ప్లేటు ఉండదు, పెద్ద రోడ్డు ఎక్కించకూడదు. పెద్ద రోడ్డు తగిలినచోటల్లా ట్రాలీ ఆటోలో వేసుకున్నాం, మిగతాదంతా పొలాల బాటలే. చీర కుచ్చిళ్ళు ఎగ్గట్టి, హెల్మెట్ పెట్టుకుని నేను ముందు, సంచులు ఒళ్ళో పెట్టుకుని పద్మ వెనక. వరి మడుల మధ్య నుంచి పోతుంటే కలుపు తీస్తున్న ఆడవాళ్ళు నడుం ఎత్తి చూశారు. బాట పక్కన షేర్ ఆటో కోసం నిలబడ్డ ఒక పెద్దాయన బండి ఆపించి, "ఇది దున్నుతదా?" అని అడిగాడు. దున్నదన్నాను. "మరెందుకు?" అన్నాడు. చెప్పడానికి నోరు తెరిచేలోపు ఆయన ఆటో వచ్చింది.

పత్తికట్టె పీకి కుప్పలు పెట్టిన చేన్లు దాటేసరికి నా చేతుల్లో చీమలు పాకడం మొదలైంది. ముందు చిటికెన వేళ్ళు, తర్వాత అరచెయ్యంతా. ఇంకొంచెం పోయాక చీమలు కూడా తెలియలేదు.

గద్వాల

గద్వాలలో మొదట చేసిన పని, హోటల్లో టీ గ్లాసు పగలగొట్టడం. పట్టుకున్నాననే అనుకున్నాను. వేడి తగల్లేదు, గ్లాసు తగల్లేదు, కింద పడ్డ చప్పుడు మాత్రం వినపడింది. హోటలాయన ఏదో అనబోతుంటే, పాల ప్యాకెట్ కోసం వచ్చిన ఒకావిడ మధ్యలోకొచ్చి "ఆమె చేతులు సూడు, ఎట్ల తెల్లబడ్డయో" అంది. ఆమె పేరు సరోజమ్మ. మగ్గం ఇల్లు. చేతుల సంగతి వినగానే ఇంకేమీ అడక్కుండా మమ్మల్ని ఇంటికి తీసుకుపోయింది.

ముందు గదిలో ఆమె భర్త మగ్గం మీద ఉన్నాడు. నూలు చీర, దానికి పట్టు అంచు. రెండూ కలిసేచోట దారాన్ని వేలితో తడిమి చూస్తున్నాడు. మమ్మల్ని చూసి తలూపాడు, చెయ్యి మాత్రం ఆపలేదు.

నేను వచ్చిన పని చెప్పి, నాకొక రొట్టె చేసుకునే అవకాశం ఇస్తారా అని అడిగాను. అడిగేశాక భయం వేసింది. మా వైపు ముక్కూ మొహం తెలియని ఆడమనిషికి పొయ్యి దగ్గర పీట వేయం. సరోజమ్మ పిండి డబ్బా తీసి నా ముందు పెట్టి, ఎసరు నీళ్ళు పోసి, ఎదురుగా గొంతుకూర్చుంది. నేను తట్టడం మొదలుపెట్టాను. ఇరవై ఏళ్ళుగా రోజూ చేస్తున్న పని. పెనం మీదికి తీసేసరికి నడిమధ్య పగిలింది. రెండోది అంచు ఊడిపోయింది. మూడోది పెనం దాకా రానేలేదు.

"ఈమె రొట్టెలమ్ముతదా?" అని సరోజమ్మ పద్మను అడిగింది. మనసులో ఏమీ పెట్టుకోకుండా అడిగింది కానీ నాకు ఒళ్ళు మండిపోయింది.

తర్వాత ఆమె తమ రొట్టెలు తీసి పెట్టింది. మావి మెత్తగా, దుప్పటిలా మడతపడతాయి. వాళ్ళవి అప్పడాల్లా పలచగా, కరకరలాడుతూ, పదిరోజులైనా నిలవుంటాయి. గుత్తివంకాయతో తింటుంటే నోట్లో చప్పుడుకి ఎదుటివాళ్ళ మాట వినపడదు. అలాంటి రొట్టె మా ఊళ్ళో పెడితే మాడ్చావని వాపసు చేస్తారు. నేను నాలుగు తిన్నాను.

భోజనాలయ్యాక సరోజమ్మ భర్త మగ్గం దిగి వచ్చి బండి హ్యాండిల్ పట్టి చూశాడు. "పిడి సన్నగుంది. ఇనుము నేరుగ ఎముకకు తగులుతది" అన్నాడు. మగ్గంలో మిగిలిపోయిన నూలు తెచ్చి, భార్యాభర్తలిద్దరూ కూర్చుని రెండు పిడులకూ లావుగా, వరసగా చుట్టారు. ఊడిపోకుండా పైన గంజి పూశారు. అంత అందంగా చుట్టిన పిడి మీద చెయ్యి వేయడానికే నాకు మనసొప్పలేదు. ఏమిమ్మంటారని అడిగితే సరోజమ్మ, "మీ తమ్మునికి మంచిగైతె ఫోన్ జేసి చెప్పు" అంది.

బీచుపల్లి

నూలు పిడులు నిజంగానే పనిచేశాయి. అదురు పూర్తిగా పోలేదు కానీ మెత్తబడింది. కృష్ణ ఒడ్డుకు చేరేసరికి నా వేళ్ళలో సగం ప్రాణం ఉంది. పద్మ మొహం వెలిగిపోయింది. ఆంజనేయస్వామి దర్శనం చేసుకుందాం అంది. సరేనన్నాను.

నేను నదిలో చేతులు పెట్టుకుని కూర్చున్నాను. చల్లటి నీళ్ళు వేళ్ళ సందుల్లోంచి పోతుంటే అబ్బ, ప్రాణం లేచొచ్చింది. అక్కడే కూర్చుండిపోదామనిపించింది. తిరిగొచ్చి చూద్దును కదా, పద్మ కొబ్బరికాయ, నిమ్మకాయలు, బంతిపూల దండ కొనుక్కొచ్చి బండికి పూజ మొదలుపెట్టింది. ముందు భాగానికి పసుపు పూసి, మూడు బొట్లు కూడా పెట్టేసింది.

నేను ఒంటికాలి మీద లేచాను. "ఇది ఇంకా మనది గాలేదే. నచ్చకుంటె వాపస్ ఇయ్యాలె. పూజ జేసిన బండిని ఎవడన్న వాపస్ ఇస్తడా?"

"అందుకే చేస్తున్న వదినె" అంది పద్మ, కాయ రాయికేసి కొడుతూ.

 మా వైపు పూజ చేసిన బండిని అమ్మినవాడికి తిరిగిచ్చే మొహం ఎవరికీ ఉండదు. ఆ సంగతి తెలిసే చేసింది. "నీ మొగడు కింద పడితె ఈ పూజ లేపుతదా?" అన్నాను. అనకూడని మాటే. పద్మ కూడా తగ్గలేదు. "కుర్సీల కూసోని కూసోని ఆయన మనసు పడిపోయింది. అది నీకు కనపడుతలేదు" అంది. దారిన పోయేవాళ్ళు ఆగి చూసేంత గట్టిగా కొట్లాడుకున్నాం.

మేం అటు తిరిగి కొట్లాడుతుంటే ఇటు కోతులు వచ్చాయి. వాటికి గంజి వాసన తగిలింది. ఒకటి సీటు మీద దర్జాగా కూర్చుని, సరోజమ్మ దంపతులు అంత ఓపికగా చుట్టిన నూలును కొసతో పట్టి లాగుతోంది. ఇంకోటి రెండో పిడిని పళ్ళతో నములుతోంది. నేను చెప్పు విసిరాను. చెప్పు కూడా పోయింది. పది నిమిషాల్లో పిడులు రెండూ బోసిగా మిగిలాయి, గుడి ముందు చెట్ల కొమ్మలకు గద్వాల నూలు వేలాడింది.

కొబ్బరికాయలమ్మే ఆమె కడుపు పట్టుకుని నవ్వింది. "పూజకు ముందు పండ్లు పెట్టాలె వాటికి. మీరు కొట్లాట పెట్టిన్రు" అంది. పద్మ నా వైపు చూసింది, నేను పద్మ వైపు చూశాను. ఇద్దరికీ ఒకేసారి నవ్వొచ్చింది. అక్కడే మెట్ల మీద కూలబడి, కళ్ళల్లో నీళ్ళొచ్చేదాకా నవ్వాం. ఆ తర్వాత ఒంటిచెప్పుతో కృష్ణ దాటాను.

వనపర్తి

నది అవతల పెబ్బేరులో ఒక సైకిల్ షాపాయన పాత ట్యూబు కోసి రెండు పిడులకూ తొడిగాడు. రెండు పొరలు. హ్యాండిల్ నట్లు వదులు చేసి కొంచెం పైకి లేపి బిగించాడు. "మణికట్టు ఒంగితె రక్తం ఆడదు" అన్నాడు. ఆయన పుణ్యాన మణికట్టు నొప్పి ఆ క్షణమే పోయింది. తిమ్మిరి మాత్రం పోలేదు. వేరుశనగ చేన్ల మధ్య రాళ్ళ బాట. ప్రతి రాయీ టైరులోంచి, హ్యాండిల్లోంచి నా పళ్ళ దాకా వచ్చింది.

సాయంత్రానికి వనపర్తి చేరాం. బజారు పక్కన కట్టెల పొయ్యిల వరస, ఒక్కో పొయ్యి వెనక ఒక్కో రొట్టెల ఆమె. చూడగానే నాకు ఇంటికొచ్చినట్టు అనిపించింది. చివరి పొయ్యి యాదమ్మది. రొట్టె పది రూపాయలు. మా దగ్గర పదిహేను. వెల్లుల్లి కారం ఊరికే ఇస్తోంది, మేం దానికీ లెక్క వేస్తాం. నేనూ రొట్టెలామెనే అని, తమ్ముడి కోసం బండి నడిపి చూస్తున్నానని చెప్పాను. ఆమె నా చేతుల వైపు చూసి జరిగి కూర్చుంది. "అయితె కూసో. ఒకటి చేసి సూపియ్యి."

చేశాను. పగల్లేదు. కానీ ఒకవైపు మందం, ఒకవైపు కాగితం, చుట్టూ వంకర. మా కొట్టులో అయితే ఆవుకు వేసేదాన్ని. యాదమ్మ దాన్ని పెనం మీద వేయకుండా, పీట మీద అలాగే ఉంచి చూసింది.

"నీకు పని తెలుసు. పొద్దుగాల సంది ఎంతసేపు బండి నడిపినవ్?" అంది.

"పొద్దంత."

"మరి నీ తమ్ముడు రోజు నడుపుతడు గద."

 నర్సిములు ఫోన్ చేసింది అప్పుడే. వాడు బాగున్నావా అని అడగలేదు. "చేతులెట్లున్నయక్క?" అన్నాడు. అబద్ధం చెప్పబుద్ధి కాలేదు. చేతులతో బతికేవాళ్ళం ఇద్దరం. "ఇంక మొద్దుగనే ఉన్నయ్ రా" అన్నాను.

 వాడు మామూలుగానే, "సరే అక్క. వాపస్ ఇచ్చేసి బస్సుకు వచ్చేయండ్రి. ఊకె పరేషాన్ గాకుండ్రి. రామచంద్రయ్యకు చెప్పేస్త" అన్నాడు. వాడి గొంతులో బాధ ఉంటే తట్టుకునేదాన్ని. లేదు. ముందే అన్నిటికీ సిద్ధపడి ఉన్నట్టుంది. అది విని నాకు ఏడుపొచ్చింది.

పద్మ ఆ సాయంత్రం రొట్టె ముట్టలేదు. యాదమ్మ బలవంతం చేయలేదు, రెండు రొట్టెలు గుడ్డలో కట్టి సంచిలో పెట్టింది. పడుకునే ముందు పద్మ ఒక్కమాట అంది. "ఎనక కూసోని సూస్తున్న వదినె. నీ భుజాలు చెవులకు తాకుతున్నయ్. ఎవరో గుంజుకుపోతున్నట్టు పట్టుకుంటున్నవ్." ధరూర్‌కు వెనక్కి తిప్పాలా, ముందుకు పోవాలా అని అడిగాను. "ఇంకొక్క దినం" అంది. వాడికి చెప్పకుండా ముందుకే పోయాం.

గోపాల్‌పేట దారి

మరునాడు పద్మ నా వీపు మీద వేలు పెట్టి కూర్చుంది. భుజాలు పైకి లేస్తే పొడుస్తుంది. మోచేతులు వదులు చేసి, పిడిని కోడిపిల్లను పట్టుకున్నట్టు పట్టుకోవడం నేర్చుకోవడానికి నాకు సగం పొద్దు పట్టింది. గతుకు వస్తే కొంచెం లేచి నిలబడి, కాళ్ళతో దెబ్బ కాచుకున్నాను. మా నర్సిములుకు ఆ వీలు లేదు కదా అని ఒకపక్క మనసు పీకుతూనే ఉంది.

గోపాల్‌పేటకు ఇవతల ఎవరో చేనికి అడ్డంగా తుమ్మకంప వేశారు. దాటించేటప్పుడు జరిగిందేమీ తెలియలేదు. ఇంకొంచెం పోయాక బండి ఎడమవైపుకి లాగడం మొదలుపెట్టింది. నాకు కోపం వచ్చి దాన్ని తిడుతూ, కుడివైపుకి తోస్తూ నడిపాను. ఆకలేసి వేపచెట్టు కింద ఆపాం. యాదమ్మ కట్టిచ్చిన గుడ్డ ముడి చాలా బిగుతుగా ఉంది. నేను గోటితో పట్టి విప్పేశాను. విప్పి, రొట్టె తీసి, కారం అద్ది నోట్లో పెట్టుకున్నాక పద్మ నా చేతుల వైపే చూస్తూ ఉండిపోయింది.

"వదినె, ముడి నువ్వే విప్పినవ్."

వేళ్ళు చూసుకున్నాను. కారం చురుక్కుమంటోంది. తిమ్మిరి కుడిచేతిలో కొంచెం ఉంది, ఎడమచేతిలో దాదాపు లేదు. ఇద్దరం లేచి బండి చుట్టూ తిరిగాం. ముందు ఎడమ టైరులో ముల్లు దిగి, టైరు మెత్తగా పొట్ట జారి కూర్చుంది. మిగతా మూడూ ఈరన్న కొట్టించినట్టే బిర్రుగా ఉన్నాయి.

గోపాల్‌పేటలో పంక్చర్ షాపు పెద్దాయనది. అందరూ చాచా అంటున్నారు, మేమూ అదే అన్నాం. ముల్లు పీకి, బెజ్జం మూసి, మిషన్ ఆన్ చేసి, టైరును రాయిలా చేసి పెట్టాడు. "ఇగ పత్థర్ లెక్క ఉంది బేటా, యాడికన్న పో" అన్నాడు.

"గాలి తీసెయ్ చాచా. నాల్గింట్లకెల్లి" అన్నాను.

ఆయన నన్ను చూసి, బండి బొట్లు చూసి, పద్మను చూశాడు. "నా దుకాణం కెల్లి మెత్తటి టైరుతోని ఎవరు పోలే. సూసినోల్లు ఏమంటరు? చాచాకు గాలి కొట్టరాదంటరు." ఎంత చెప్పినా వినలేదు. ఈరన్న కూడా ఇలాగే మా మేలు కోరే బిర్రుగా కొట్టించాడు. మా పాలమూరులో బండి మీద ప్రేముంటే టైరులో గాలి గట్టిగా కొట్టిస్తాం, అదే మాకు తెలిసిన మర్యాద.

చివరికి పద్మ టైరు పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, మట్టి తుడిచి, అచ్చుపోసిన చిన్న అంకె చదివింది. "ఐదు అని ఉంది చాచా. ఇంత లావు టైరుకు ఐదే చాలంట." చాచా కళ్ళద్దాలు పెట్టుకుని తానూ చదివాడు. తన గాలి కొలిచే గేజు తెచ్చాడు. దాని ముల్లు పది కన్నా కిందికి చూపించదు. ట్రాక్టర్లకూ ఆటోలకూ కొన్న గేజు అది. "మేం అందరం ముప్పై కొట్టినం" అని నెమ్మదిగా అన్నాడు. తర్వాత తనే నవ్వాడు.

కొలవడానికి గేజు లేదు కాబట్టి అరచెయ్యి వాడాం. చాచా కొంచెం కొంచెం గాలి వదులుతుంటే నేను టైరును అదిమి చూశాను. రొట్టెకు పిండి కలిపేటప్పుడు అదే చూస్తాను, అదిమితే దిగాలి, వదిలితే లేవాలి. నాలుగూ ఒక్కలాగే వచ్చేదాకా ఆయన్ను వదల్లేదు. "ఇంక తీస్తె టైరు అంచు ఊడొస్తది, ఇంతకు మించొద్దు" అని చాచా నా చెయ్యి ఆపాడు. ఊరికి పోయాక సరైన గేజు తెప్పించి కొలిపించమని పదిసార్లు చెప్పాడు.

అక్కడి నుంచి పోయిన బాట ముందటి రోజుల్లాంటిదే. అవే రాళ్ళు, అవే గతుకులు. బండి మాత్రం వాటి మీద నుంచి ఒదిగి ఒదిగి పోయింది. ఇంజను గుర్రుమనేది ఇంకా చేతికి తెలుస్తూనే ఉంది, దానికి ట్యూబు పిడులూ వదులు పట్టూ సరిపోయాయి. పద్మ తనకిమ్మంది. ఇచ్చాను. మొదట నత్తలా పోయింది. ఆ తర్వాత చీర కొంగు ఎగురుతుంటే అరుస్తూ పోయింది. గొర్రెలు కాసేవాళ్ళు చేతులూపారు. మేమూ ఊపాం, రెండు చేతులూ మావే అన్నంత ధైర్యంగా ఊపాం.

నాగర్‌కర్నూల్

నాగర్‌కర్నూల్‌లో మా కొట్టు దగ్గర ట్రాలీ ఆటో ఆపించాను. నేను లేని నాలుగు రోజుల్లో మా ఆయన పెనం మార్చి, ఉప్పు డబ్బా చోటు మార్చి, రోజూ వచ్చేవాళ్ళతో నేను చేయని కబుర్లన్నీ చేశాడు. చేతులు కడుక్కుని పీట ముందు కూర్చున్నాను. రొట్టె గుండ్రంగా, అంచు వేలికి సరిగ్గా తెలుస్తూ, పెనమంత వచ్చింది. వరసగా చేస్తూనే ఉన్నాను. పద్మ పక్కన నిలబడి తింటూనే ఉంది. వనపర్తిలో తినకుండా ఉన్నదంతా అక్కడ తీర్చుకుంది.

తెలకపల్లి

నర్సిములు వాకిట్లో ఉన్నాడు. వాపసు ఇచ్చామనుకున్న బండి ఇంటి ముందు ఆగేసరికి కళ్ళు పెద్దవి చేశాడు. చుట్టూ తిరిగి, కర్రతో టైరు పొడిచి చూశాడు. "గాలి తక్కువుంది" అన్నాడు. నేనూ పద్మా ఒకేసారి మొదలుపెట్టాం. ముల్లు, చాచా, కోతులు, ముడి, అన్నీ కలగాపులగంగా చెప్పాం. వాడు సగంలో ఆపి, నా రెండు చేతులు తీసుకుని తిప్పి చూశాడు. ఒక్కో వేలూ నొక్కాడు.

"నాయి గాదు, నీయి సూసుకో" అన్నాను. "కట్టె పట్టినట్టు గట్టిగ పట్టకు. భుజాలు ఇడిసెయ్యి. జర మొద్దుగ అనిపిస్తె ఆపి చేతులు జాడించు."

కర్రలు బండి ముందు భాగానికి కట్టుకుని, మెల్లగా ఎక్కి కూర్చున్నాడు. ఇంటి వెనకే ఉన్న చేని గట్టు వెంట పోయాడు. మేం వాడి కుర్చీ దగ్గర నిలబడ్డాం. చప్పుడు దూరమవుతూ, జొన్నచేను వెనక్కి పోయి, ఉన్నట్టుండి ఆగిపోయింది. తిరిగొస్తాడని చూశాం. రాలేదు.

"వదినె, సప్పుడు ఆగిపాయె" అంది పద్మ. అని పరుగందుకుంది. నేనూ వెనకే పరిగెత్తాను. విరిగిన పన్నే నా కళ్ళ ముందుంది. జొన్నచేను దాటేసరికి బండి గట్టు పక్కన నిలబడి ఉంది. దాని మీద ఎవరూ లేరు.  నేను కింద చూశాను. నీళ్ళు పారిన గట్టు మీద చిన్న చిన్న గుండ్రటి గుంటలు, పక్కపక్కనే రెండేసి, తిన్నగా ముందుకు పోయాయి. ఎక్కడా జారిన గుర్తు లేదు.

వాటి వెంట పోయాం. చేను చివర హద్దురాయికి ఆనుకుని నర్సిములు నిలబడ్డాడు. ఒక వేరుశనగ మొక్క పీకి, మట్టి దులిపి, కాయలు ఒలుస్తున్నాడు. మమ్మల్ని చూసి, గింజలు నా అరచేతిలో పోశాడు. ఒక్క గింజకూ ఎర్రపొర చిట్లలేదు.

"ఈ మూలకు కాయ ఎంత మంచిగ పట్టిందో సూడక్క. మూడేండ్ల సంది ఈడ ఏం పండదనే చెప్తున్నరు నాకు" అన్నాడు.

"చేతులు?" అంది పద్మ.

"ఉన్నయ్" అన్నాడు. ఇంకో కాయ ఒలిచి నోట్లో వేసుకున్నాడు. "రామచంద్రయ్యకు ఫోన్ జెయ్యి."

పద్మ ఫోన్ తీసింది కానీ కళ్ళ నిండా నీళ్ళు నిండి నంబరు కనిపించలేదు. నా చేతికిచ్చింది. నేను నొక్కి తిరిగిచ్చాను. అవతల ఆయన ఎత్తీ ఎత్తగానే, బాగున్నారా అని కూడా అడక్కుండా, "మా భూమి మేమే చేసుకుంటం" అని చెప్పి పెట్టేసింది.